బడిలోకి రాని కొల్లేరు

నలభై ఏళ్ల కిందట మన రాష్ట్రం రాసుకున్న ఆరు సూత్రాల్లో ఐదోది ఎక్కడ ఆగింది?

బళ్లు తెరిచే వారానికి 'పిల్లలే కేంద్రంగా చదువు' మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలు నా వంతుకు వచ్చాయి. ఈ విషయం మీద కాగితాలకు కొదవేమీ లేదు. చట్టాలు, జీవోలు, శిక్షణ మాడ్యూళ్లు గుట్టలుగా ఉన్నాయి. వాటన్నిటిలో నన్ను పట్టుకుని వదలనిది మాత్రం పేజీ కూడా నిండని ఓ జాబితా. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 తర్వాత పెద్ద ఎత్తున సాగి, 1996 దాకా నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఉపాధ్యాయుల నోట ఏపీపీఈపీ) తనకోసం పెట్టుకున్న ఆరు బోధనా సూత్రాలవి.

ఈ ఆరూ ఇవాళ ఎవరికి కంఠతా వచ్చు? డీఎస్సీకి, టెట్‌కు చదివే అభ్యర్థులకు. కోచింగ్ సెంటర్ల మెటీరియల్లో 'కింది వాటిలో సూత్రం కానిది ఏది' తరహా బిట్లుగా అవి ఇంకా బతికే ఉన్నాయి. బట్టీ వద్దని చెప్పడానికి పుట్టిన మాటల్ని మనం బట్టీ పెట్టిస్తున్నాం. నాకిది బాధ కలిగించే విషయం. ఎందుకంటే ఆ జాబితా నిజంగా మంచిది. అందులో గొప్ప సిద్ధాంతమేదీ లేదు. రేపు పొద్దున బడికెళ్లి మాస్టారు ఏం చేయాలో మాత్రమే ఉంది.

(బాక్స్) ఆ ఆరు సూత్రాలు
ఒకటి: నేర్చుకోవడానికి కావలసిన కృత్యాలను ఉపాధ్యాయుడే తయారు చేసుకోవాలి.
రెండు: పిల్లలు చేసి చూసి, వెతికి, ప్రయోగాలు చేసి నేర్చుకోవాలి.
మూడు: ఒక్కొక్కరుగా, జట్లుగా, తరగతి మొత్తంగా పనులుండాలి.
నాలుగు: పిల్లల మధ్య ఉండే తేడాలకు తగ్గట్టు బోధన సాగాలి.
ఐదు: స్థానిక పరిసరాలను వాడుకోవాలి.
ఆరు: పిల్లలు చేసినవాటిని ప్రదర్శించి, తరగతి గదిని ఆసక్తి కలిగేలా తీర్చిదిద్దాలి.

వీటిలో అన్నిటికన్నా త్వరగా నాటుకున్నది ఆరోది. గోడ నుంచి గోడకు పురికొస కట్టి, పిల్లలు గీసిన బొమ్మలు, రాసిన కాగితాలు దానికి వేలాడదీయడం ఆ రోజుల్లో చదువుకున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. కంటికి కనిపించేది, తనిఖీకి వచ్చిన అధికారికి చూపించగలిగేది అదే మరి. మూడోదీ పైకి తేలిగ్గానే కనిపిస్తుంది. వరుసలు చెరిపి పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెడితే జట్టు అయినట్టే ఉంటుంది. అలా కూర్చున్న నలుగురూ ఒకే లెక్కను ఎవరి పలక మీద వాళ్లు చేసుకుంటుంటే మారింది కూర్చునే తీరే తప్ప చదువు కాదు. గోడ మీది మార్పు బుర్రల్లోకి ఎంత వెళ్లిందో చెప్పడం ఎంత కష్టమో ఈ పథకాన్ని మదింపు చేసినవాళ్లకు తెలుసు. ఆ పనిలో ఉన్న ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లేసీ, కూపర్, టోరన్స్ దాని మీద 1993లో ఓ పరిశోధన పత్రమే ప్రచురించారు.

నేను ఎక్కువ సేపు ఆగిపోయింది ఐదో సూత్రం దగ్గర. స్థానిక పరిసరాలు అనగానే మన బళ్లలో చింతగింజలు, గులకరాళ్లు, చీపురు పుల్లల కట్టలు వచ్చాయి. కూడికలకు అవి పనికొస్తాయి, కాదనను. అయితే చింతగింజ ఏ ఊళ్లోనైనా చింతగింజే. కొల్లేరు కొల్లేరులోనే ఉంది.

ఒక్కసారి ఆ సరస్సును పాఠంగా చూడండి. తమ్మిలేరు, బుడమేరు వచ్చి కలుస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే నీళ్లను సముద్రానికి మోసుకుపోతుంది. వచ్చే దారులు ఎక్కువ, పోయే దారి ఒకటి. వానాకాలంలో లంకలు ఎందుకు మునుగుతాయో నాలుగో తరగతి పిల్లలు మట్టితో నమూనా కట్టి, చెంబుతో నీళ్లు పోసి కనుక్కోగలరు. ఇక కాంటూరు సంగతి. ఇక్కడ పెద్దవాళ్ల మాటల్లో 'ఐదో కాంటూరు' వినపడని రోజుండదు. సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత అది. దాని లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. ఒకే సరస్సుకు రెండు కొలతలు ఎందుకున్నాయి? ఆ గీత మా ఇంటికి ఇవతలా, అవతలా? ఐదో తరగతి పిల్లకు ఇంతకంటే ఆసక్తి కలిగించే తీసివేత లెక్క ఏ పుస్తకంలో దొరుకుతుంది? ఆటపాక దగ్గర అటవీశాఖ పెట్టిన ఇనప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. నెలకోసారి వెళ్లి లెక్కపెట్టి గీసుకుంటే ఏడాది తిరిగేసరికి బడి గోడ మీద గ్రాఫు తయారవుతుంది. ఆరో సూత్రం అడిగింది అలాంటి గోడనే.

కొల్లేరు పాఠాల్లోకి రాకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణమని నేను అనుకోను. ఇక్కడి పరిసరాల్లో పక్షులూ నీళ్లూ ఉన్నట్టే తగాదాలూ ఉన్నాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. తాటిదోనె నడిపి, మావులు పెట్టి చేపలు పట్టిన కుటుంబాల బతుకు ఆ చెరువుల రాకతోనూ మారింది, పోకతోనూ మారింది. చెరువు ఎవరిది, లీజు ఎవరికి, కూలి ఎవరు అనేది పిల్లలకు ఇంట్లోనే తెలుసు. 'మీ తాతయ్యను అడిగి రాసుకు రండి' అని మాస్టారు ఒక్క మాట అంటే ఇదంతా తరగతిలోకి నడిచొస్తుంది. చింతగింజలతో ఆ భయం లేదు. ఐదో సూత్రాన్ని పాటించడానికి ఉపాధ్యాయుడికి ధైర్యం కావాలి, వెనక పదిమంది తోటి ఉపాధ్యాయుల అండ కావాలి.

ఆ అండ కోసమే ఏపీపీఈపీ ఉపాధ్యాయ కేంద్రాలను పెట్టింది. నాకు ఆ పథకంలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. చుట్టుపక్కల ఊళ్ల బళ్లకు కలిపి ఒక కేంద్రం. టీచర్లు అక్కడ కూడి తాము చేయించిన కృత్యాలు ఒకరికొకరు చూపించుకుని, కొత్తవి తయారు చేసుకోవాలన్నది ఉద్దేశం. ఆ పద్ధతిలో పాఠం కింద నుంచి పుడుతుంది. తర్వాత వచ్చిన పథకాల్లో శిక్షణ పై నుంచి దిగింది. రాష్ట్రానికంతటికీ ఒకే మాడ్యూలు, జిల్లాకు రిసోర్స్ పర్సన్లు, అక్కడ నుంచి మండలానికి. సర్వశిక్షా అభియాన్ కాలంలో టీచరుకు బోధనోపకరణాల కోసం ఏడాదికి 500 రూపాయల టీఎల్ఎం గ్రాంటు ఇచ్చారు. డబ్బు మంచిదే. దాంతో కొన్న రంగుల చార్టులు తాడేపల్లిగూడెంలోనూ తిరుపతిలోనూ ఒకేలా ఉంటాయి. తాడేపల్లిగూడెం బడికి కూతవేటు దూరంలో రాష్ట్రంలోనే పేరున్న ఉల్లి మార్కెట్ ఉంది. బస్తాలు, క్వింటాళ్లు, తరుగు, కుళ్లినవి పోగా మిగిలేది అన్నీ అక్కడున్నాయి. ఏలూరులో తివాచీ మగ్గం ఉంది. ముడి లెక్క తప్పితే పువ్వు వంకర పోతుంది. గుణకారం ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లాణ్ని దాని ముందు కూర్చోబెట్టవచ్చు.

ఈ ఆలోచన వెనక చరిత్ర చెప్పాలంటే చాలా ఉంది, చోటే లేదు. షికాగోలో జాన్ డ్యూయీ ప్రయోగశాల బడి 1896, శాంతినికేతన్ 1901, రోమ్‌లో మాంటిస్సోరి పిల్లల ఇల్లు 1907, భావనగర్‌లో గిజుభాయి బాలమందిర్ 1920, గాంధీజీ వార్ధా సమావేశం 1937, మాంటిస్సోరి మద్రాసు అడయారు రాక 1939. ఇంగ్లండులో 1967 నాటి ప్లౌడెన్ నివేదిక పిల్లవాడే చదువుకు మధ్యబిందువు అంది. మన ఆరు సూత్రాల్లో ఆ గాలి స్పష్టంగా తగులుతుంది. 1986 జాతీయ విద్యా విధానం అదే మాట అంది. దూబచర్లలో ఉన్నటువంటి డైట్ ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు దాని నుంచే వచ్చాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్లో కృత్యాలు, అన్వేషణ, భయంలేని చదువు, వీలైనంత వరకు మాతృభాష అన్నీ చట్టమయ్యాయి.

నాలుగో సూత్రానికి మాత్రం మన నేల మీదే ఓ జవాబు దొరికింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వారు ఒకే గదిలో పలు తరగతులు చదివే పల్లె బళ్ల కోసం కార్డుల పద్ధతి తయారు చేశారు. పాఠాలు నిచ్చెన మెట్లలా ఉంటాయి. ప్రతి పిల్లా తన మెట్టు నుంచి తన కార్డు తీసుకుంటుంది. రెండు వారాలు బడి మానినా తిరిగొచ్చి ఆగిన చోటే మొదలుపెడుతుంది. వరద వస్తే దారి మూసుకుపోయే లంకలకు ఇది అతికినట్టు సరిపోతుంది.

అయితే లంకలో బడే లేకపోతే ఏ సూత్రమూ పనికిరాదు. 2022లో వచ్చిన జీవో 117 కింద 3, 4, 5 తరగతుల్ని ఉన్నత పాఠశాలలకు తరలించారు. 2025లో ప్రభుత్వం ఆ జీవోను వెనక్కి తీసుకుంది. ఊళ్లో బడి ఊళ్లోనే ఉండాలి. ఇక టీచర్ల అండ సంగతి. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఇప్పుడూ జరుగుతున్నాయి. వాటిలో ఒక పూటను పై నుంచి వచ్చిన అజెండాకు కాకుండా, టీచర్లు తమ ఊరి నుంచి తెచ్చిన పాఠాలకు కేటాయించమని ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల విద్యాధికారులను ఈ కథనం ద్వారా అడుగుతున్నాను. దానికి కొత్త జీవో గానీ గ్రాంటు గానీ అక్కర్లేదు.

(బాక్స్) అమ్మానాన్నలూ చదవవచ్చు
గిజుభాయి రాసిన 'పగటికల', జపాన్ రచయిత్రి టెట్సుకో కురొయనాగి చిన్ననాటి బడి కథ 'రైలుబడి' రెండూ తెలుగులో దొరుకుతాయి. మొదటిది నాలుగో తరగతితో ప్రయోగం చేసే ఓ ఉపాధ్యాయుడి కథ. రెండోదానిలో పాత రైలుపెట్టెలే తరగతి గదులు. ఐదో తరగతి దాటిన పిల్లలు 'రైలుబడి'ని సొంతంగా చదువుకోగలరు.