ఫార్వర్డు ఆటగాడు – దావోర్ షుకెర్



ఈ పూట నేను ప్రసంగింపబూనిన విషయము క్రొయేషియా దేశీయుడగు దావోర్ షుకెర్ అను ఫుట్‌బాలు ఆటగాని చరిత్రము. క్రికెట్టు మాట వినబడగానే చెవులు నిక్కించు మన దేశమున, ఎక్కడనో ఆద్రియాతిక సముద్రతీరమున నున్న చిన్న దేశపు బంతిగాని ప్రసంగ మేల యని మీలో కొంద రడుగవచ్చును. అర కోటికి లోబడిన జనసంఖ్య గల దేశ మది. 1991వ సంవత్సరమున స్వతంత్రమని ప్రకటించుకొనినది. యుద్ధముతోనే దాని బాల్యము గడచినది. అట్టి దేశము 1998లో ఫ్రాన్సున జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో తొలిసారి యడుగుపెట్టి మూడవస్థానము నందుకొనుట సామాన్య విషయము కాదు. ఆ వేసవిలో క్రొయేషియా యనుపేరు లోకమున ననేకుల చెవి కెక్కినది. పెక్కుమంది కా పేరు షుకెర్ పేరితోడనే తెలిసినది. ఆ యనేకులలో నేనును ఒకడను.

చరిత్రము చెప్పుటకు ముందు ఫార్వర్డు అనగా నెవడో చెప్పవలెను. ఫుట్‌బాలు జట్టునందు పదునొకండుగురు గదా. వారిలో గోలుకీపరును, వాని ముందు కాపుదారులును, నడుమ బంతిని నడుపువారును పోగా, ప్రత్యర్థి గోలునకు సమీపమున నిలిచి బంతిని వలలోనికి పంపవలసినవాడు ఫార్వర్డు. తొంబది నిముషముల యాటలో వాని కాలికి బంతి తగులు వేళ లన్నియు కూడబెట్టినను కొలది నిముషములకు మించవు. తక్కిన కాలమంతయు వాడు చేయు పని నిలుచుట, జరుగుట, చూచుట, మోసగించుట. చూచువారికి సోమరివలె దోచును. మీదుమిక్కిలి ఆఫ్‌సైడు అను నొక నియమము వాని మెడపై కత్తివలె వ్రేలాడుచుండును. తోడియాటగాడు తనకు బంతి నందించు క్షణమున, ప్రత్యర్థుల భాగమున నున్న ఫార్వర్డు, బంతికంటెను, ప్రత్యర్థులలో గోలుగీత వైపునుండి లెక్కింపగా రెండవవాడగు వానికంటెను ముందుగా నుండరాదు. ఉండెనా, సహాయక రిఫరీ జెండా యెత్తును. కావున వాడు కాపుదారుని భుజమునకు భుజ మానించి నిలిచి, బంతి తోడివాని కాలినుండి విడివడిన యుత్తరక్షణమున దూకవలెను. అరక్షణము ముందైన తప్పు. అరక్షణము వెనుకైన బంతి దక్కదు. షుకెర్ మిక్కిలి వేగముగల పరుగరి కాడు. ఈ అరక్షణమును గుర్తెఱిగినవాడు. దానికి తోడు ఆతని యెడమకాలు. బంతి యెంత దురుసుగా వచ్చినను ఆ కాలికి తగిలిన పిమ్మట పెంపుడు పిల్లివలె నిలిచెడిది.

ఆతడు 1968 జనవరి 1వ తేదీన, నాటి యుగోస్లావియాలోని ఓసియెక్ పట్టణమున జన్మించెను. ద్రావానది యొడ్డుననున్న ఊ రది. తన ఊరి జట్టుననే యాట మొదలిడి, 1988–89 సంవత్సరపు యుగోస్లావు లీగునందు 18 గోలులు చేసి యందఱికంటె మిన్నయై నిలిచెను. (గోలు అను మాటకు మన వ్యాకరణము ననుసరించి బహువచనము చేయబోయిన గోళ్లగును, వినువారు చేతివ్రేళ్లు చూచుకొందురు. కావున గోలులనియే చెప్పెదను.)

అంతకుముందే, 1987లో, చిలీ దేశమున జరిగిన యువకుల ప్రపంచ పోటీలలో యుగోస్లావియా జట్టు విజయము గాంచినది. ఆ జట్టునకు శిక్షకుడు మిర్కో యోజిచ్. షుకెర్ అందు ఆఱు గోలులు చేసెను. ఆ జట్టులోని కుఱ్ఱవాండ్ర పేళ్లు గుర్తుంచుకొన దగినవి: జ్వోనిమిర్ బోబాన్, రాబర్ట్ ప్రొసినెచ్కి, రాబర్ట్ యార్ని, ఇగోర్ స్టిమాక్, ప్రెద్రాగ్ మియాతోవిచ్. కడపటి ఆట పశ్చిమ జర్మనీతో 1–1గా ముగియగా పెనాల్టీలతో నెగ్గిరి. ఆనాడు వారందఱు ఒక జెండా క్రింద నొకరి నొకరు కౌగిలించుకొనిరి. ఐదేండ్లు గడువకమున్నే ఆ జెండాయే లేకపోయినది.

1989లో షుకెర్ రాజధానియగు జాగ్రెబునకు పోయి దినామో జట్టున చేరెను. 1990 మే 13వ తేదీన ఆ జట్టునకును బెల్‌గ్రేడు నగరపు రెడ్ స్టార్ జట్టునకును జరుగవలసిన యాట, ప్రేక్షకుల కొట్లాటలచే నిలిచిపోయినది. ఆ గలభాలో బోబాన్ ఒక పోలీసును తన్ని, ఆ యేటి ప్రపంచ కప్పునకు దూరమయ్యెను. షుకెర్ యుగోస్లావియా జట్టుతో ఇటలీకి పోయెను గాని ఒక్క యాటయు నాడలేదు. మఱుసటి యేడు యుద్ధము మొదలయ్యెను. ఓసియెక్ పట్టణముపై నెలల తరబడి ఫిరంగి గుండ్లు పడినవి. షుకెర్ ఆ యేడే స్పెయిన్ దేశపు సెవిల్లా జట్టునకు వెడలెను. స్వగ్రామము గుండ్లదెబ్బలు తినుచుండగా, సుదూరమున ఎండలోతోచు పచ్చికపై బంతి వెంట పరుగులిడిన యువకుని మనసెట్లుండెనో నేను చెప్పజాలను. ఆతడు చేసిన పని మాత్రము లెక్కలకెక్కినది. ఐదేండ్లలో సెవిల్లా తరపున లీగున 153 ఆటలాడి 76 గోలులు చేసెను. 1992–93లో నతనికి తోడియాటగాడు సాక్షాత్తు మారడోనా.

1996లో రియల్ మాడ్రిడ్ వారు ఆతనిని చేర్చుకొనిరి. ఆ యేడే వారు చేర్చుకొనిన మఱియొక ఫార్వర్డు మియాతోవిచ్. చిలీలో నొక్క జట్టువారు. తరువాత నొకడు క్రొయేషియా వాడు, ఒకడు యుగోస్లావియా పేరు నిలుపుకొనిన సెర్బియా–మాంటెనెగ్రోల వాడు. రెండు దేశముల నడుమ యుద్ధము ముగిసి యప్పటికి ఏడాదియైనను నిండలేదు. అట్టివారు మాడ్రిడున నొకే చొక్కా తొడిగి, ఒకని బంతి నొకడందుకొని, ప్రథమ సంవత్సరముననే లీగును గెలిపించిరి. షుకెర్ ఒక్కడే ఆ లీగున 24 గోలులు చేసెను. రాయబారులు బల్లచుట్టు కూర్చుండి చేయలేని పనిని బంతి చేసినదని చెప్పుట సులభము. నేనట్లు చెప్పను. వారు చేసినది తమ యుద్యోగము. అది మాత్రము చక్కగా చేసిరి. 1998 మే 20న ఆమ్‌స్టర్‌డామున యూరపు ఛాంపియన్ల కప్పును జూవెంటస్ పైన 1–0తో గెలిచిననాడు గోలు మియాతోవిచ్‌ది. చివరి నిముషములలో ఆతనిని బయటకు పిలిచి బదులుగా దింపినది షుకెర్‌ను.

ఇక స్వదేశపు జట్టు సంగతి. క్రొయేషియా సంఘమునకు అంతర్జాతీయ సమాఖ్యలో ప్రవేశము 1992లో లభించెను. 1994 నవంబరులో పలెర్మో నగరమున, ఆ యేటి ప్రపంచ కప్పున రెండవస్థానము నందిన ఇటలీని క్రొయేషియా 2–1తో నోడించినది. రెండు గోలులును షుకెర్‌వే.

1996లో ఇంగ్లండున జరిగిన యూరపు పోటీలలో, షెఫీల్డు నగరమున, డెన్మార్కుతో జరిగిన యాట నొక దానిని గూర్చి కొంచెము నిదానముగ చెప్పెదను. డెన్మార్కువారు అప్పటికి యూరపు విజేతలు. వారి గోలుకీపరు పీటర్ ష్మైకెల్. ద్వారబంధము నిండ నిలుచు భారీ విగ్రహము. ఆనాడు షుకెర్ నడిగీత సమీపమునుండియే ఆతని తలమీదుగా బంతి నెగురవేసి చూచెను; ష్మైకెల్ వెనుకకు పరుగెత్తి యెట్లో ఆపెను. ఒకసారి విఫలమైన యుపాయమును మఱల ప్రయోగింపరని లోకము తలచును. ఆట ముగియవచ్చిన నిముషమున దీర్ఘముగ వచ్చిన బంతిని షుకెర్ యెడమకాలితో మెత్తగా నిలిపెను. ష్మైకెల్ ముందునకు వచ్చెను. గోలుకీపరు ముందునకు వచ్చుటలో నొక లెక్క గలదు: దీపమునకు చేయి యడ్డము పెట్టినపుడు చేయి దీపమునకు దగ్గఱగు కొలది నీడ పెద్దదగునట్లు, కీపరు బంతిని సమీపించు కొలది తన్నువానికి కనబడు గోలు ఇఱుకగును. ఇరుప్రక్కల త్రోవ మూయబడును. కాని పైత్రోవ తెఱచుకొనును. షుకెర్ బంతి క్రిందుగా కాలిని జొనిపి మెల్లగా నెగురవేసెను. అది ష్మైకెల్ తలపైనుండి, ఏ తొందరయు లేనట్లు, పోయి వలలో పడెను. ఆట 3–0. ఆ దృశ్యమును నేనెన్నిసార్లు చూచితినో లెక్కలేదు. ప్రతిసారియు బంతి దాటిపోవునేమో యని భయపడుదును. ఆ పోటీలలో తరువాత జర్మనీ చేతిలో 2–1తో క్రొయేషియా యోడినది.

రెండేండ్లకు ఫ్రాన్సు. శిక్షకుడు మిరొస్లావ్ బ్లాజెవిచ్, మాటకారి. చిలీలో నెగ్గిన కుఱ్ఱవారిలో షుకెర్, బోబాన్, ప్రొసినెచ్కి, యార్ని, స్టిమాక్ అను నైదుగురు ఈ జట్టున నుండిరి. షుకెర్ తొమ్మిదవ సంఖ్య చొక్కా తొడిగెను. జమైకాను 3–1తో, జపానును 1–0తో గెలిచిరి. అర్జెంటీనాతో 1–0గా నోడిరి. ఆతడు గోలు చేయని యాట యిదొక్కటియే. రుమేనియాతో ఆట తొలి సగము ముగియుచుండగా పెనాల్టీ లభించెను. షుకెర్ తన్నెను, గోలయ్యెను. తన్నకముందే ఆటగాండ్రు గీత దాటి చొరబడిరని రిఫరీ మఱల తన్నుమనెను. ఈ రెండవ తన్నునందే కాళ్లు వణకును. కీపరునకు మన మనసు కొంత తెలిసిపోయియుండును. ఆతడు మఱల తన్నెను, మఱల గోలయ్యెను. ఆ యొక్క గోలుతోడనే నెగ్గిరి. పిదప లియోన్ నగరమున జర్మనీని 3–0తో నోడించి రెండేండ్లనాటి బాకీ తీర్చుకొనిరి. మూడవ గోలు షుకెర్‌ది.

జూలై 8న ఫ్రాన్సుతో సెమీఫైనలు. మనకు నడిరాత్రి దాటినది. ఇంటివారందఱు నిద్రించుచుండగా టెలివిజను శబ్దము తగ్గించి కూర్చుంటిని. తొలి సగమున నిరుపక్షములకు గోలు లేదు. రెండవ సగము మొదలైన నిముషముననే అసానోవిచ్ కాపుదారుల నడుమనుండి బంతిని జాఱవిడిచెను. ఫ్రెంచివారిలో లిలియాన్ తురామ్ ఒక్కడు తక్కినవారితో సమముగ ముందునకు జరుగక వెనుకబడెను; కావున షుకెర్ ఆఫ్‌సైడు కాలేదు. నేను ముందుగా చెప్పిన అరక్షణ మిదే. ఎడమకాలు, వల, 1–0. నేను లేచి నిలుచుంటిని. కూర్చుండులోపల, అనగా ఒక్క నిముషమునకే, ఆ తురామ్ తన గోలుముందు చేసిన తప్పును దిద్దుకొనుటకా యన్నట్లు, బోబాన్ కాలినుండి బంతిని లాగుకొని సమము చేసెను. డెబ్బదియవ నిముషమున రెండవ గోలు కూడ చేసెను. ఫ్రాన్సు తరపున 142 ఆటలాడిన తురామ్ ఆ దేశమునకై చేసిన గోలులు ఆ రాత్రి చేసిన యీ రెండే! దురదృష్ట మనుమాటకు నిఘంటువులో నర్థము చూడబనిలేదు. మూడు దినముల తరువాత హాలండును 2–1తో నోడించి తృతీయస్థానము నందిరి. గెలుపు గోలు షుకెర్‌దే. ఏడాటలలో ఆఱు గోలులు చేసినందులకు బంగారుబూటు ఆతనికి దక్కినది. ఆ యేటి యూరపు బంగారుబంతి యెన్నికలో జిదాన్ తరువాత రెండవవాడయ్యెను.

శిఖర మిదియే, దిగుడుమెట్లను త్వరగా దిగుదము. 1999లో లండనులోని ఆర్సెనల్ చేరెను. 2000లో కోపెన్‌హేగనున గలతసరాయ్ జట్టుతో యూఎఫా కప్పు తుది యాట పెనాల్టీలకు పోగా, రుమేనియాపై రెండుమార్లు తప్పని ఆ కాలే గోలుకంబమునకు బంతిని కొట్టినది, ఆర్సెనల్ ఓడెను. తరువాత వెస్ట్‌హామ్, ఆపై మ్యూనిక్ 1860. 1999 అక్టోబరులో జాగ్రెబున యుగోస్లావియాతో 2–2గా ముగిసిన యాటతో క్రొయేషియా మఱుసటి యేటి యూరపు పోటీలకు పోలేకపోయినది. ఆనాడు యుగోస్లావియా గోలులలో నొకటి మియాతోవిచ్‌ది! 2002 ప్రపంచ కప్పులో మెక్సికోతో నొక యాట యాడి, 2003లో షుకెర్ ఆట చాలించెను.

మనకును ఈ కథకును సంబంధము లేకపోలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్సులో, హైదరాబాదువాడగు సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలోని మన జట్టును యుగోస్లావియా 10–1తో నోడించినది. మనవారిలో పలువురు బూట్లు లేకయే యాడిరి. అదే రహీము జట్టు 1956లో మెల్బోర్నున సెమీఫైనలు వఱకు పోయి మఱల యుగోస్లావియా చేతనే యోడినది. షుకెర్ తోడియాటగాడగు స్టిమాక్ 2019 నుండి 2024 వఱకు మన జాతీయ జట్టునకు శిక్షకుడుగా నుండెను.

షుకెర్ 2012 నుండి 2021 వఱకు క్రొయేషియా ఫుట్‌బాలు సంఘమున కధ్యక్షుడుగా నుండెను. ఆ పదవిలో ప్రశంసతోపాటు విమర్శయు నెదుర్కొనెను. 2018లో వారి జట్టు ప్రపంచ కప్పు తుది యాటకు చేరినది. అక్కడను ఫ్రాన్సే యడ్డు నిలిచి 4–2తో గెలిచినది. స్వదేశము తరపున 69 ఆటలలో ఆతడు చేసిన 45 గోలులను మించిన క్రొయేషియావాడు లేడు. నాకు మాత్రము ఆ నలుబది యైదింటిలో షెఫీల్డున ష్మైకెల్ తలమీదుగా పోయిన దొక్కటి చాలును.