పక్కనే సోలార్ పార్కు – మరి కరెంటు ఎందుకు పోతుంది?

"ఊరి చుట్టూ సోలార్ పలకలు పెట్టుకుని కూడా మనకు కరెంటు కోత ఏమిటి?" దీపం ఆరినప్పుడల్లా మన పిల్లలు అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. జవాబు కావాలంటే కరెంటు వచ్చే దారి తెలియాలి.

పావగడ సోలార్ పార్కు బలసముద్రం, తిరుమణి, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో ఉంది. భూమిని కొనలేదు, ఎకరాకు ఏడాదికి రూ. 21,000తో మొదలుపెట్టి, 28 ఏళ్ళకు రైతుల వద్ద కౌలుకు తీసుకున్నారు. 2018 మార్చిలో ప్రారంభమైన ఈ పార్కు సామర్థ్యం 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది.

అక్కడ తయారైన కరెంటు నేరుగా మన వీధి స్తంభానికి రాదు. దానిని 220 కిలోవోల్టులకు, ఆపై 400 కిలోవోల్టులకు పెంచి దేశపు గ్రిడ్‌లో కలుపుతారు. మన ఇంటికి వచ్చేది బెస్కాం వారి 11 కిలోవోల్టుల లైను మీదుగా, ఊరి ట్రాన్స్‌ఫార్మరులో 230 వోల్టులకు దిగి వస్తుంది. గాలివానకు తీగ తెగినా, భారం ఎక్కువై ట్రాన్స్‌ఫార్మరు కాలినా, పార్కులో ఎంత ఎండ కాసినా మనకు చీకటే.

రెండవ కారణం వేళ. పొద్దుగూకితే పలకలు పనిచేయవు. దీపాలు, ఫ్యాన్లు, పిల్లల చదువు మొదలయ్యేది అప్పుడే. ఆ వేళకు శరావతి నీటి నుండి, రాయచూరు బొగ్గు నుండి, మరెన్నో చోట్ల నుండి కరెంటు రావాలి. బ్యాంకులో జమాఖర్చులు సాయంత్రానికి సరిపోతే చాలు. గ్రిడ్‌లో ప్రతి సెకనూ సరిపోవాలి. సరిపోనప్పుడు కొన్ని ప్రాంతాలకు కోత పెట్టవలసి వస్తుంది. 2012 జూలై 30, 31 తేదీలలో గ్రిడ్ కుప్పకూలి, ఉత్తర, తూర్పు రాష్ట్రాలలో కోట్లాది మంది చీకటిలో ఉండిపోయారు.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. ఆఫ్రికాలోని కాంగో దేశంలో ఇంగా జలవిద్యుత్ కేంద్రాల నుండి దాదాపు 1,700 కిలోమీటర్ల దూరంలోని రాగి గనుల ప్రాంతానికి లైను వేశారు. దాని కింద ఉన్న పల్లెలెన్నో చీకటిలోనే మిగిలాయి. ఆ దేశంలో నేటికీ సుమారు ఐదుగురిలో ఒకరికే కరెంటు ఉంది. సహారాకు దక్షిణాన కరెంటు లేనివారు దాదాపు 60 కోట్ల మంది. పెద్ద కేంద్రం కట్టడం ఒక పని. ఊరి లైను బాగుచేయడం మరొక పని. మొదటిది జరిగినంత మాత్రాన రెండవది జరగదు.

కాబట్టి మనం అడగవలసినది ఊరి లైను గురించి. కరెంటు పోయినప్పుడు 1912కు ఫోన్ చేసి, బిల్లు మీది ఆర్.ఆర్. నంబరు చెప్పి, ఫిర్యాదు సంఖ్య రాసిపెట్టుకోండి. తేదీ, పోయిన వేళ, వచ్చిన వేళ ఒక నోటు పుస్తకంలో రాయండి. పది ఇళ్ళవారు కలిసి నెల రోజుల లెక్క చూపి ఇచ్చే అర్జీకి నోటిమాటకు లేని బలం ఉంటుంది. ఆ లెక్క రాసే పని పదవ తరగతి విద్యార్థి కూడా చేయగలడు.