రంగునీటికి సూర్యరశ్మి చికిత్స

పెనుగొలను అను పేరులోనే కొలను ఉన్నది. ఊరికి నీటి పేరు పెట్టిన పెద్దలకు నీటి విలువ తెలియును. తిరువూరు ప్రాంతమందలి ఈ గ్రామమును, కలంకారీ అద్దకమునకు పేరుగాంచిన పెడనయు 2022 వరకు ఒకే కృష్ణా జిల్లాలో నుండెడివి. అద్దకములో బట్టను పలుమార్లు నీట జాడింపవలెను. పూర్వము వాడినవి కరక్కాయ, మంజిష్ఠ, నీలి వంటివి. రసాయనపు రంగులు వచ్చిన పిమ్మట చిక్కు పెరిగినది. అట్టి అద్దకపు షెడ్డు రేపు ఏ గ్రామమునకైనను రావచ్చును. అనుమతి కోరుచు మొదట పంచాయతీ గడపయే తొక్కవచ్చును.

ఉతికినను, ఎండబెట్టినను వెలిసిపోరాదనియే ఈ రంగులను తయారుచేయుదురు. కావుననే చెరువులో చేరినవి త్వరగా నశింపవు. నీటిలోనికి వెలుతురు దిగనీయవు. పటిక వేసినచో రంగు బురదగా అడుగున చేరును. ఆ బురదను ఎచ్చట పోయవలెనన్నది మరియొక తంటా.

గోడలకు వేయు తెల్లరంగులో టైటానియం డయాక్సైడ్ అను పొడి కలదు. కాంతి సోకినపుడు ఈ పదార్థము నీటిని విడగొట్టగలదని జపాను శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండాలు 1972లో ప్రకటించిరి. వెలుగు తగులగనే పొడిలోని ఎలక్ట్రాను స్థానము వీడును. అందువలన నీటినుండి పుట్టు చురుకైన కణములు రంగు అణువును ముక్కలు చేయును. పని పూర్తియైనచో మిగులునది చాలవరకు బొగ్గుపులుసు వాయువు, నీరు, కొద్ది లవణములు. పొడి మాత్రము ఖర్చు కాదు.

అయితే ఈ పొడికి అతినీలలోహిత కిరణములే కావలెను. ఎండలో వాని పాలు నూటికి అయిదు వంతులకు మించదు. పైగా వీడిపోయిన ఎలక్ట్రాను వెంటనే వెనుకకు చేరుచుండును. అందువలన నానో మిశ్రమములు పుట్టినవి. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. అంతటి సూక్ష్మ కణములకు మరియొక పదార్థము జతపరచినచో అది కంటికి కనబడు వెలుగును గ్రహించును, లేదా ఎలక్ట్రానును దూరముగా లాగుకొనును. అయస్కాంత గుణముగల ఇనుప ఆక్సైడును చేర్చినచో పొడిని అయస్కాంతముతో తిరిగి పోగుచేయవచ్చును.

ప్రయోగశాలలో గాజుపాత్రయందు ఇది ముచ్చటగా జరుగును. అచ్చట నీటిలో ఒకే రంగు ఉండును. షెడ్డునుండి వచ్చు నీటిలో ఉప్పు, సబ్బు, గంజి కూడ ఉండును. మడ్డినీటిలోనికి ఎండ దిగదు. కావున ఇట్టి పొడిని పంచాయతీ సొమ్ముతో ఇప్పుడే కొనుడని మేము చెప్పజాలము.

ఎవరైనను మీయెదుట గ్లాసెడు ఎర్రనీటిని తెల్లగా మార్చి చూపినచో తొందరపడవలదు. రంగు పోయినను దాని ముక్కలు మిగిలియుండవచ్చును. కొన్ని ఆజో రంగులు విరిగినపుడు కాన్సరు కలిగించు అమీనులు పుట్టును. చికిత్సకు ముందొక సీసా, తరువాతనొక సీసా నీరు పట్టి, సభ్యుల సమక్షమున సీలువేసి, గుర్తింపుగల ప్రయోగశాలకు పంపుడు. రెండింటిలోను రసాయనిక ఆక్సిజన్ అవసరమెంతయో, అమీనులున్నవో లేవో వ్రాసి ఈయుమనుడు. వాడిన పొడిని ఎవరు, ఏ విధముగా తిరిగి తీయుదురో కాగితముపై వ్రాయించుకొనుడు. ఫలితము చేతికందువరకు ఒక్క బిందెడు నీటినైనను కాలువలోనికి విడువనీయకుడు.