వాచీ కొంటున్నారా? మెరుపు కాదు, మన్నిక చూడండి



మీకు ఇప్పుడు అక్షరాలు వచ్చాయి. అంకెలు వచ్చాయి. అంకెలు వస్తే గడియారం చూడటం కూడా వచ్చినట్టే. "టైమెంతయింది బాబూ?" అని ఒకరిని అడిగే పని లేదు.

పొద్దున ఎన్నింటికి పనిలోకి దిగారు? సాయంత్రం ఎన్నింటికి పని వదిలారు? మేస్త్రి చెప్పిందే లెక్క కాకూడదు. చేతికి వాచీ ఉంటే ఆ లెక్క మీ దగ్గరే ఉంటుంది. బస్సు టైము, పిల్లల బడి టైము, పెద్దవాళ్ళకు మాత్ర వేసే టైము, అన్నీ మీ చేతి మీదే కనపడతాయి.

"ఫోను ఉంది కదా, మళ్ళీ వాచీ ఎందుకు?" అంటారు కొందరు. నాట్లు వేసేటప్పుడు చేతులు బురదలో ఉంటాయి. ఫోను తీసి చూడగలమా? ఇంటికి ఒక్క ఫోనే ఉంటే, అది ఎవరి జేబులో ఉంటుందో మీకు తెలుసు. వాచీ అయితే మీ చేతికే ఉంటుంది.

వాచీ కొనాలంటే డబ్బు పెట్టాలి. అది రెక్కలు ముక్కలు చేసుకుని కూడబెట్టిన డబ్బు. అందుకే కొనే ముందు నాలుగు సంగతులు తెలుసుకుందాం.

వాచీ ఎలా తిరుగుతుంది?

వెనకటి వాచీలకు రోజూ కీ ఇవ్వాలి. కీ ఇస్తే లోపల స్ప్రింగు బిగుస్తుంది. అది మెల్లగా వదులవుతూ ముళ్ళను తిప్పుతుంది. మన ప్రభుత్వ కంపెనీ హెచ్‌ఎంటి 1961లో ఇలాంటి వాచీలు చేయడం మొదలుపెట్టింది. జపాన్‌లోని సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో వాటిని చేశారు. చాలా ఇళ్ళలో పెళ్ళికి పెట్టిన వాచీ అదే. ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. మీ ఇంట్లో పాత వాచీ ఉంటే పారేయకండి. మంచి పనివాడికి చూపించండి. శుభ్రం చేస్తే మళ్ళీ తిరగవచ్చు.

ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా ఉండేవి సెల్లుతో నడిచే వాచీలు. వీటిని క్వార్ట్జ్ వాచీలు అంటారు. క్వార్ట్జ్ అంటే ఒక రకం రాయి. వాచీ లోపల ఆ రాయి ముక్క ఒకటి చాలా చిన్నది ఉంటుంది. సెల్లు నుంచి కరెంటు అందగానే అది వణుకుతుంది. ఎన్నిసార్లో తెలుసా? ఒక్క సెకనులో 32,768 సార్లు! లోపలి యంత్రం ఆ వణుకులను లెక్కపెడుతుంది. లెక్క పూర్తి కాగానే సెకన్ల ముల్లును ఒక్క అడుగు ముందుకు వేయిస్తుంది.

కీ ఇచ్చే వాచీ రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ పోతుంది. క్వార్ట్జ్ వాచీ మామూలుగా నెలకు 15, 20 సెకన్లకు మించి తేడా రాదు.

మరి ధరలో తేడా ఎందుకు?

ఇక్కడే అసలు సంగతి ఉంది. జాగ్రత్తగా చదవండి.

900 రూపాయల క్వార్ట్జ్ వాచీ, 9000 రూపాయల క్వార్ట్జ్ వాచీ, రెండూ దాదాపు ఒకేలాగా టైము చూపిస్తాయి. పది రెట్లు డబ్బు పెడితే పది రెట్లు సరైన టైము రాదు. ఎక్కువ డబ్బు దేనికి పోతుంది? పేరుకు, అందానికి, పైనున్న లోహానికి పోతుంది.

అయితే మరీ చవకది కొందామా? అదీ మంచిది కాదు. మరీ చవక వాచీలో నీళ్ళు దూరతాయి. పూత ఊడిపోతుంది. పట్టీ తెగిపోతుంది. పైన పటారం, లోన లొటారం.

ఒక లెక్క వేద్దాం. ఒక అక్క 150 రూపాయలకు వాచీ కొన్నది అనుకుందాం. అది ఆరు నెలలకే పాడైంది. ఏడాదికి రెండు వాచీలు కొనాలి. 5 ఏళ్ళకు 10 వాచీలు. అంటే 1500 రూపాయలు.

ఇంకో అక్క 900 రూపాయలకు కొన్నది. 5 ఏళ్ళలో రెండుసార్లు సెల్లు మార్పించింది. సెల్లుకు 100 చొప్పున 200 రూపాయలు. ఒకసారి పట్టీ మార్చింది. దానికి 150 రూపాయలు. మొత్తం 1250 రూపాయలు.

ఎవరిది చవక వాచీ? మీరే చెప్పండి.

కొనేటప్పుడు ఏమేం చూడాలి?

ముందుగా వాచీ ముఖం చూడండి. 1 నుంచి 12 దాకా అంకెలు పెద్దవిగా, స్పష్టంగా ఉండాలి. ముళ్ళ రంగు, వెనక రంగు వేరువేరుగా ఉండాలి. తెల్ల ముఖం మీద నల్ల ముళ్ళు అయితే చూపు తగ్గినవాళ్ళకు కూడా కనపడతాయి. ఆడవాళ్ళ వాచీ అని చెప్పి శనగగింజంత ముఖం ఉన్నది చూపిస్తారు. అది నగలాగా బాగుంటుంది కానీ టైము చూడటానికి కష్టం. చిన్న వాచీలో సెల్లు కూడా చిన్నదే పడుతుంది. అది త్వరగా అయిపోవచ్చు. ముఖం కాస్త పెద్దది తీసుకోండి. "మగవాళ్ళ వాచీలాగా ఉంది" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

కొన్ని వాచీల ముఖం మీద ఇంకో రెండు మూడు చిన్న గడియారాలు ఉంటాయి. చవక వాచీల్లో చాలాసార్లు అవి వట్టి బొమ్మలే. తిరగవు. వాటికి డబ్బు పెట్టకండి.

తరువాత వెనక మూత చూడండి. వాచీని తిప్పితే కనపడేది అదే. అది ఎప్పుడూ మీ చర్మానికి తగులుతూ ఉంటుంది. గిల్టు కమ్మలు పెట్టుకుంటే కొందరికి చెవులు పుండ్లు పడతాయి కదా? ఆ లోహంలో ఉండే నికెల్ పడకపోవడం వల్ల అలా జరుగుతుంది. వాచీకి కూడా అంతే. పూత ఊడి, చెమట తగిలి, చెయ్యి దురద పెడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మూత అయితే ఈ బాధ తక్కువ. మూత స్టీలుది అయితే ఆ మాట మూత మీదే ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి.

ఇక నీళ్ళ సంగతి. వాచీ నీళ్ళను ఎంతవరకు ఆపుతుందో కూడా వెనకే రాస్తారు. అక్కడ 30 గాని, 50 గాని, 100 గాని ఉంటుంది. కొన్నిటి మీద 3, 5, 10 అని ఉంటుంది. అంకెలు మీకు వచ్చు కదా, మీరే చదవండి. 30 అంటే 30 మీటర్ల లోతు నీళ్ళలో దిగవచ్చు అని కాదు. చెయ్యి కడుక్కునేటప్పుడు నాలుగు చుక్కలు పడితే ఏమీ కాదు, అంతే. బట్టలు ఉతకాలన్నా, నాట్లు వేయాలన్నా 30 చాలదు. వాచీ తీసి పక్కన పెట్టాలి. రోజంతా తడిలో పని చేసేవాళ్ళు 50 గాని, 100 గాని ఉన్నది అడగండి. అసలు ఏ అంకే లేకపోతే ఆ వాచీకి నీళ్ళు తగలకూడదు.

అద్దం రెండు రకాలు. ఒకటి ప్లాస్టిక్‌ది. కింద పడితే అంత తేలిగ్గా పగలదు, కానీ త్వరగా గీతలు పడతాయి. రెండోది గాజుది. గీతలు తక్కువ పడతాయి, కానీ దెబ్బ తగిలితే పగులుతుంది. ఏ అద్దమైనా గాజులు, గడ్డి కొడవలి తగలకుండా చూసుకోవాలి. అద్దం అంచు కంటే చుట్టూ ఉన్న లోహం అంచు కొంచెం ఎత్తుగా ఉంటే మంచిది.

పట్టీని చూడండి. తోలు పట్టీ చెమటకు నాని వాసన వస్తుంది. ఎండలో పనిచేసేవాళ్ళకు నైలాను పట్టీ గాని, మెత్తని రబ్బరు పట్టీ గాని, స్టీలు చైను గాని మేలు. తెగితే మామూలు పట్టీ వేయించుకునే వీలు ఉందా, లేదా అని అడగండి.

సెకన్ల ముల్లు ఎందుకు?

సెకన్ల ముల్లు ఉన్న వాచీనే కొనండి. అది ప్రాణం నిలబెట్టే ముల్లు.

పసిబిడ్డకు దగ్గు, జలుబు చేసి డొక్కలు ఎగరేస్తుంటే ఏం చేస్తాం? బిడ్డ ఏడవకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి చూడండి. పొట్ట పైకి లేచి దిగితే ఒక శ్వాస. సెకన్ల ముల్లు ఒక్క చుట్టు తిరిగేలోగా ఎన్ని శ్వాసలో లెక్కపెట్టండి. ఒక్క చుట్టు అంటే ఒక నిమిషం.

2 నెలల లోపు బిడ్డకు 60 గాని, అంతకు మించి గాని ఉంటే ప్రమాదం.
2 నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 గాని, అంతకు మించి గాని ఉంటే ప్రమాదం.
ఏడాది నుంచి 5 ఏళ్ళ లోపు బిడ్డకు 40 గాని, అంతకు మించి గాని ఉంటే ప్రమాదం.

అది న్యుమోనియా కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లెక్క తక్కువ వచ్చినా, బిడ్డ పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయకండి.

దుకాణంలో ఎలా మాట్లాడాలి?

"అన్నా, చేతి వాచీ కావాలి. వెయ్యి రూపాయల లోపు చూపించు."

"ఇది చూడమ్మా. బంగారంలాగా మెరుస్తోంది. 600 రూపాయలే."

"వెనక మూత స్టీలుదేనా?"

"స్టీలేనమ్మా."

"ఆ మాట ఎక్కడ రాసి ఉంది? వేలు పెట్టి చూపించు."

"దీని మీద లేదులే. ఇదిగో, ఈ రెండోదాని మీద ఉంది. ఇది 850."

"నీళ్ళకు 50 అని ఉంది. బాగుంది. గ్యారంటీ ఎన్నాళ్ళు?"

"ఏడాది. లోపలి మిషనుకే. అద్దానికి, పట్టీకి, సెల్లుకు లేదు."

"సరే. కార్డు మీద తేదీ వేసి, షాపు ముద్ర కొట్టు. బిల్లు కూడా ఇవ్వు."

"బిల్లు వద్దంటే 50 తగ్గిస్తానమ్మా."

"వద్దన్నా. 50 రూపాయలకు ఆశపడి బిల్లు వదులుకోను."

చూశారా? ఆ అక్క గొడవ పడలేదు. అడగాల్సింది అడిగింది. చూడాల్సింది చూసింది.

బిల్లు ఎందుకు?

బిల్లు ఉంటేనే మీరు ఆ వాచీ అక్కడ కొన్నట్టు రుజువు. పెట్టె మీద గరిష్ఠ ధర రాసి ఉంటుంది. దీన్నే ఎమ్మార్పీ అంటారు. అంతకంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోకూడదు. తక్కువకు అడగడం మీ హక్కు.

పేరున్న కంపెనీల వాచీలకు నకిలీలు ఉంటాయి. పేరులో ఒక్క అక్షరం మార్చి అమ్ముతారు. వాచీ మీద, పెట్టె మీద, కార్డు మీద ఉన్న పేరును పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూడండి.

గ్యారంటీ ఉన్నా బాగు చేయమంటే దుకాణదారు కాదంటే 1915 నంబరుకు ఫోను చేయండి. అది వినియోగదారుల సహాయ నంబరు. తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ హక్కు ఇచ్చింది. 5 లక్షల రూపాయల లోపు కొన్న వస్తువు మీద ఫిర్యాదుకు ఫీజు లేదు.

కొన్నాక జాగ్రత్తలు

వాచీ పక్కన ఉండే కీని ఎప్పుడూ లోపలికి నొక్కి ఉంచండి. అది బయటికి ఉంటే నీళ్ళు దూరతాయి. తడి చేత్తో దాన్ని లాగకండి. అద్దం లోపల ఆవిరి కనపడితే వెంటనే బాగు చేయించండి. ఆలస్యమైతే మిషను తుప్పు పడుతుంది.

సెల్లు అయిపోతే వాచీని అలాగే పెట్టెలో పెట్టకండి. పాత సెల్లు కారి మిషను పాడు కావచ్చు. కొత్త సెల్లు వేసేటప్పుడు మూత కింద ఉండే సన్నని రబ్బరు చుట్టును మళ్ళీ సరిగ్గా పెట్టమనండి. నీళ్ళను ఆపేది అదే.

ఇంకొక ముఖ్యమైన మాట. తీసిన సెల్లును పిల్లలకు అందనివ్వకండి. మెరుస్తూ చిన్నగా ఉంటుంది కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. మింగితే అది గొంతులో ఇరుక్కుని 2 గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగిందని అనుమానం వచ్చినా చాలు, క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

గుర్తుంచుకోండి

1. అంకెలు, ముళ్ళు స్పష్టంగా ఉండాలి. సెకన్ల ముల్లు ఉండాలి.
2. వెనక మూత స్టెయిన్‌లెస్ స్టీలుది కావాలి.
3. నీళ్ళ అంకె మీరే చదవాలి.
4. పట్టీ మీ పనికి తగినది కావాలి.
5. బిల్లు, ముద్ర వేసిన కార్డు దాచుకోవాలి.

చర్చించండి

మీ ఊరిలో ఆడవాళ్ళు రోజుకు ఎన్ని గంటలు పని చేస్తున్నారు? ఇంటి పని ఎన్ని గంటలు? బయట పని ఎన్ని గంటలు? ఒక వారం పాటు వాచీ చూసి కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని ఇంట్లో వాళ్ళకు కూడా చదివి వినిపించండి.