పాత మోటారుకు వానకాలపు విశ్రాంతి

మంచు కురిసే దేశాలలో ముచ్చటకై పాత మోటారు కారును పెంచుకొనే వారు, ఆకులు రాలడం మొదలుకాగానే దానిని కొట్టంలో పెట్టి తలుపులు మూస్తారు. వసంతం వచ్చేవరకు అది కదలదు. రోడ్లపై మంచు కరగడానికి చల్లే ఉప్పు కారు అడుగుభాగాన్ని తినివేస్తుంది. రేడియేటరులోని నీరు గడ్డకట్టి వ్యాకోచించి ఇంజను దిమ్మనే పగులగొడుతుంది. ఇంగ్లండు నుండి వచ్చిన మోటారు పుస్తకాలలోని హెచ్చరికలు అన్నియు ఈ రెండు శత్రువులను ఉద్దేశించి వ్రాసినవే.

ఏర్పేడులో ఉప్పు వంటింటిలో మాత్రమే ఉన్నది. నీరు గడ్డకట్టుట పెట్టెలోనే కాని పెరటిలో లేదు. అంతమాత్రాన మన కారుకు విశ్రాంతికాలం అక్కరలేదని అనరాదు. మనకు చలికాలం వాన రూపంలో వస్తుంది. దక్షిణ కోస్తాకును తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకును అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనమే పెద్ద దిక్కు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినదంటే స్వర్ణముఖి ఒడ్డున ఉన్నవారికి నిద్ర పట్టదు. 2021 నవంబరులో తిరుపతి వీధులలో నీరు ఏరులై పారిన సంగతి ఈ ప్రాంతపు విద్యార్థులందరికీ జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ నీటిలో మునిగిన వాహనాలలో కొత్తవి కొన్ని కోలుకొన్నవి. పాత కారు మునిగితే దానికి విడిభాగం ఎక్కడ దొరుకుతుంది? 1961లో మద్రాసులో తయారు కావడం మొదలైన స్టాండర్డ్ హెరాల్డ్ నేడు ఏ కర్మాగారంలోను లేదు. హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయినది. తలుపు పిడి ఒకటి విరిగితే పాత సామాను కొట్ల చుట్టూ నెలల తరబడి తిరుగవలసినదే.

మరొక కారణం కూడ కలదు. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ పురాతన వాహనాలకు ప్రత్యేక నియమాలను ప్రకటించినది. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏళ్లు నిండి, అసలు రూపం చెడని కార్లకును, మోటారు సైకిళ్లకును ‘వి.ఎ.’ అనే అక్షరాలతో వేరు సంఖ్య ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, మరల చేయించుకొన్నప్పుడు 5,000 రూపాయలు రుసుము. ఆ సంఖ్య పొందిన బండిని నిత్యప్రయాణాలకు గాని, కిరాయికి గాని వాడరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలుకు మాత్రమే వెలుపలికి తీయవచ్చును. అనగా ఇటువంటి కారు జీవితంలో అధికభాగం నిలిచి ఉండుటలోనే గడుస్తుంది. నడపడం వచ్చినంత మాత్రాన చాలదు. నిలపడం కూడ తెలియవలెను.

నిలిపే విద్య మనకు కొత్తది కాదు. తిరుమల బ్రహ్మోత్సవాలలో ఎనిమిదవ రోజున కదిలే రథం తక్కిన దినాలు ఎట్లు ఉంటుందో ఎవరూ అడుగరు. ఉత్సవం ఒక పూట. సంరక్షణ సంవత్సరం పొడుగునా. అప్పటి తూర్పుగోదావరి జిల్లా తీరాన అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో షెడ్డులో ఉండగానే అగ్నికి ఆహుతి అయినది; 2021 ఫిబ్రవరి నాటికి కొత్త రథం చేయించవలసి వచ్చినది. నడుస్తున్న బండికి దారిలో ప్రమాదమైతే, నిలిచిన బండికి కొట్టంలోనే ప్రమాదం. మన రైతులకు ఈ సంగతి బాగుగా తెలుసును. ఎద్దుబండి ఇరుసుకు వాడే కందెన వరిగడ్డి మసిని ఆముదంతో నూరి చేసినది. ఆ ఆముదమే 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీవారి ఇంజను నూనెకు ‘కాస్ట్రాల్’ అనే పేరు తెచ్చి పెట్టినదని చెబితే, కందెన గిన్నెను చూచి ముక్కు మూసుకొనే పట్టణపు పిల్లలు ఆశ్చర్యపడతారు.

ఇక పని ఎట్లు మొదలుపెట్టవలెను? ముందు కడుగుట. పైభాగం అందరూ కడుగుతారు, కావలసినది అడుగు. ఇక్కడి ఎర్రమట్టి చక్రాల పైకప్పులలోను, తలుపుల అంచులలోను చేరి స్పాంజివలె తేమను పట్టి ఉంచుతుంది. తుప్పు పుట్టేది అక్కడనే. మట్టి పూర్తిగా పోయిన తరువాత ఒక దినం ఎండలో నిలిపి, బాగుగా ఆరిన పిమ్మటనే కొట్టంలోకి తేవలెను.

తరువాత నూనె. వాడిన ఇంజను నూనెలో ఇంధనం కాలగా పుట్టిన ఆమ్లాలు చేరి ఉంటాయి. వాటిని మూడు నెలలు లోపల ఉంచితే బేరింగులను మెల్లగా కొరుకుతాయి. కావున నిలిపే ముందే నూనె మార్చి, ఇంజనును కొంతసేపు నడిపి, కొత్త నూనెను అన్నిచోట్లకు ప్రసరింపజేయవలెను. తుదకు స్పార్కు ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో చెంచాడు నూనె పోసి, ఇంజనును చేతితో రెండు మూడు చుట్లు త్రిప్పవలెను. లోపలి గోడలు వట్టి ఇనుము. పైన నూనె పొర లేకపోతే వాటికి కూడ తుప్పు పట్టును.

పెట్రోలు విషయం కొంత చిక్కైనది. సగం ఖాళీగా ఉన్న టాంకిలో తేమగల గాలి ఉంటుంది. రాత్రి చల్లబడినప్పుడు ఆ తేమ చెంబుమీది చెమటవలె టాంకి గోడలపై నీటిబొట్లుగా నిలుస్తుంది. కనుక టాంకి నిండుగా ఉంచుమని పెద్దల మాట. అయితే నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు కలుస్తున్నది. ఇథనాలుకు నీరంటే మక్కువ. గాలిలోని తేమను పీల్చి, మితిమీరితే పెట్రోలునుండి విడిపోయి నీటితో కలిసి అడుగుకు దిగుతుంది. పాత కార్బురేటరులోని రబ్బరు భాగాలు దానికి తట్టుకొనవు. టాంకిని నింపి మూత బిగించి, కార్బురేటరు గిన్నెను మాత్రం ఖాళీ చేసి ఉంచడమే నా ఉద్దేశంలో మేలు.

రేడియేటరులో వట్టి కుళాయినీరు ఉంటే తీసివేయవలెను. మనకు గడ్డకట్టే భయం లేకపోయినా, కూలెంటులోని తుప్పు నివారణ ద్రవ్యాలకోసమే దానిని పోయవలసి ఉన్నది.

బాటరీని విప్పునప్పుడు మొదట భూమికి కలిపిన తీగను తీయవలెను. కొన్ని పాత బ్రిటిషు కార్లలో ధనధ్రువమే భూమికి కలిసి ఉంటుంది. గుర్తు చూడకుండ చేయి పెట్టరాదు. నిండిన బాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులకు పైన చూపుతుంది. 12.4కు దిగినదంటే మరల నింపవలెను. ఖాళీగా వదిలిన బాటరీలో సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడి, అది ఇక బాగుపడదు. తీగ తీసి ఉంచితే కొట్టంలో నిప్పు పుట్టే భయం కూడ తగ్గుతుంది.

చేతి బ్రేకు వేసి ఉంచరాదు. తేమకు బ్రేకు బూట్లు డ్రమ్ముకు అతుక్కొంటాయి. చక్రాల క్రింద కొయ్య దిమ్మలు పెట్టితే చాలును. వీలైతే బండిని జాకీతో లేపి దిమ్మలమీద నిలిపితే టైర్లు ఒకేచోట నొక్కుకొని చదునుకావు.

కప్పు విషయంలో మనవారు తరచు పొరపడతారు. వాన కదా అని ప్లాస్టిక్ పట్టా కప్పి తాళ్లతో బిగిస్తారు. లోపలి తేమకు దారి ఉండదు. పట్టా క్రింద కారు ఉడికినట్లవుతుంది. గాలి ఆడే నూలు దుప్పటి మేలు. ఎలుకలు మాత్రం ఎంత చక్కని దుప్పటికీ లొంగవు. సైలెన్సరు నోటికిని, గాలి పీల్చే గొట్టానికిని ఉక్కుపీచు కుక్కవలెను. ఆ సంగతి ఒక చీటీపై వ్రాసి స్టీరింగుకు కట్టవలెను, లేనిచో తీసే రోజున మరచిపోవడం ఖాయం. మన ఊళ్లలో ఎలుక వెంట పాము కూడ వచ్చును గనుక, మూడు నెలల తరువాత బానెట్ ఎత్తేటప్పుడు చేతికర్ర దగ్గర ఉంచుకొనుట మంచిది.

వారానికొకసారి అయిదు నిమిషాలు ఇంజను నడిపితే మంచిదని ఒక నమ్మకం ఉన్నది. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు తరగతిలో ఈ లెక్క చేయించవచ్చును: ఒక లీటరు పెట్రోలు కాలినపుడు సుమారు ఒక లీటరు నీరు పుట్టుతుంది. దూరప్రయాణంలో ఆ నీరు ఆవిరియై పోతుంది. అయిదు నిమిషాల నడకలో సైలెన్సరు వేడెక్కదు. నీరు దానిలోనే నిలుస్తుంది, నూనెలో కూడ చేరుతుంది. నిద్రపోయేదానిని నిద్రపోనిచ్చుట మేలు.

కోయంబత్తూరులో తెలుగువారైన జి.డి. నాయుడు గారి (1893–1974) పేరు చెప్పే జీడీ కార్ మ్యూజియం 2015లో తెరచినారు. అక్కడ బండ్లకు భవనమున్నది. మన ఊరి కారుకు పెంకుల వసారానే గతి. అయినను పై పనులకు కావలసినది ధనం కాదు, ఒక ఆదివారం.

సంక్రాంతి నాటికి ఈశాన్యపు వానలు వెనుదిరుగుతాయి. కనుమనాడు ఎద్దులకు కొమ్ములు కడిగి రంగులు వేసేవేళకు కారును కూడ దింపవచ్చును. మొదట చీటీ చదివి ఉక్కుపీచు తీయాలి. ప్లగ్గులు తీసి ఉంచే ఇంజనును చేతితో త్రిప్పాలి. లోపల మిగిలిన నూనె బయటపడుతుంది. తరువాత ప్లగ్గులు బిగించి, బాటరీ తగిలించి, స్టార్టు చేసి, నూనె ఒత్తిడి చూపే దీపం ఆరేవరకు ఆగాలి. బ్రేకు పట్టుతున్నదో లేదో ఇంటిముందరి వాకిలిలోనే చూచుకొని, ఆ తరువాతనే కాళహస్తి రోడ్డు ఎక్కవలెను.