80 ఏళ్ల గుండెకు స్టెంట్ వేయొచ్చా? అసలు చిక్కు ఎక్కడంటే..

నాన్నకు 80 దాటాయి.. ఈ వయసులో స్టెంట్ అవసరమా? చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. నిజానికి వయసు ఒక్కటే స్టెంట్‌కు అడ్డు కాదు. అసలు చిక్కు రక్తనాళాల్లో ఉంటుంది.

వయసు పైబడే కొద్దీ గుండె రక్తనాళాల్లో కొవ్వుతో పాటు కాల్షియం పేరుకుని గట్టిపడుతుంది. అలాంటి చోట బెలూన్ సరిగ్గా ఉబ్బదు. స్టెంట్ సగమే తెరుచుకుంటే మళ్లీ పూడుకుపోవచ్చు. అందుకే ముందు ఆ గట్టి పొర సంగతి చూస్తారు. వజ్రపు రేణువులు పొదిగిన చిన్న డ్రిల్లుతో అరగదీస్తే రొటాబ్లేషన్. కిడ్నీలో రాళ్లను పగలగొట్టినట్టే షాక్ వేవ్స్‌తో పగుళ్లు తెప్పిస్తే లిథోట్రిప్సీ. స్టెంట్ ఆ తర్వాతే.

మరి అందరికీ వేయాల్సిందేనా? రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి తీవ్రమైన గుండెపోటు వస్తే ఆలోచించే టైమ్ ఉండదు. కానీ పాక్షికంగా మూసుకున్న కేసుల్లో లెక్క వేరు. బ్రిటన్‌లో 75 ఏళ్లు, ఆపై వయసున్న 1,518 మందిపై జరిగిన సీనియర్ రీటా స్టడీ 2024లో వచ్చింది. మందులతో పాటు యాంజియోగ్రామ్, అవసరమైతే స్టెంట్ దాకా వెళ్లినవారిలో మళ్లీ గుండెపోటు రావడం తగ్గింది. గుండెజబ్బు మరణాలు మాత్రం తగ్గలేదు.

స్టెంట్ పడ్డాక రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు సాధారణంగా 6 నుంచి 12 నెలలు వాడాలి. పెద్దవాళ్లకు రక్తస్రావం ముప్పు ఎక్కువ కాబట్టి డాక్టర్ ఈ గడువు తగ్గించొచ్చు. అంతేగానీ పన్ను పీకించాలనో, కంటి ఆపరేషన్ ఉందనో ఇంట్లోవాళ్లే ఆపేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మాత్ర ఆపే ముందు స్టెంట్ వేసిన డాక్టర్‌కు ఒక్క ఫోన్ కొట్టండి.