పట్టేసిన మిషను – బాగు చేయించాలా, వద్దా?

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో చెట్లు కోసే మిషను ఇప్పుడు అందరికీ తెలిసిందే. నల్లగొండ దిక్కు బోర్లు ఎండినప్పుడు బత్తాయి తోటలు కోసేస్తారు. పాలమూరు దిక్కు సర్కారు తుమ్మ కోసి బొగ్గు కాలుస్తారు. గొడ్డలితో పొద్దంతా కొట్టే మానును మిషను కొద్దిసేపట్లో పడేస్తుంది.

ఈ మిషను చాలామంది అప్పు చేసి కొంటారు. మిషను ఆగితే కూలి ఆగుతుంది. మిత్తి మాత్రం ఆగదు.

ఒకనాడు పని నడుమ మిషను చప్పుడు మారుతుంది. బలం తగ్గుతుంది. చప్పున ఆగిపోతుంది. తాడు గుంజితే రాదు. లేదంటే ఏ పట్టూ లేకుండా మరీ తేలిగ్గా వస్తుంది. "ఇంజన్ పట్టేసింది" అంటారు మెకానిక్కులు. అప్పుడు ఒకరు "బోర్ కొట్టిస్తే అయిపోతది అన్నా" అంటారు. ఇంకొకరు "పడేసి కొత్తది కొనుక్కో" అంటారు. ఎవరి మాట వినాలి?

ముందు ఇంజన్ లోపల ఏముందో తెలియాలి. చేతి పంపు గొట్టంలో వాషరు పైకీ కిందికీ ఆడుతుంది కదా. అట్లనే సిలిండరు అనే గుండ్రటి గదిలో పిస్టను ఆడుతుంది. మిషను పూర్తి వేగంలో ఉంటే నిమిషానికి పది వేల సార్లకు పైగా ఆడుతుంది. అంత రాపిడిని తట్టుకోవాలంటే నడుమ ఆయిలు ఉండాలి. ఈ ఇంజన్‌కు వేరే ఆయిలు గది లేదు. పాత లూనాకు కలిపినట్టే పెట్రోలులోనే టూ టీ ఆయిలు కలపాలి. (మిషనుకు ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. దాంట్లోది గొలుసుకు పోసే ఆయిలు. అది ఇంజన్‌లోకి పోదు.)

ఆయిలు చాలకపోతే పిస్టను కాలుతుంది. ఉబ్బుతుంది. పిస్టను అల్యూమినియంతో చేసింది. ఆ అల్యూమినియం మెత్తబడి సిలిండరు గోడకు పూసుకుపోతుంది. దీన్నే పట్టేయడం అంటారు.

ఇక బోర్ కొట్టించే మాట. బావి కాడి ఆయిల్ ఇంజన్‌కు, పాత బజాజ్ స్కూటరుకు ఈ మాట సరైనదే. వాటి సిలిండరు లోపలి గోడ పోత ఇనుము. లేత్ మీద కాస్త కోసి, కొంచెం పెద్ద పిస్టను వేస్తే మళ్లీ నడుస్తాయి. చెట్లు కోసే మిషను అట్ల కాదు. దాని సిలిండరు బరువు తగ్గడానికి అల్యూమినియంతో చేస్తారు. లోపలి గోడకు మాత్రం గట్టి పూత వేస్తారు. కొన్నింటికి క్రోమియం పూత. కొన్నింటికి నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన పూత. దీన్ని జర్మనీలో మాలే అనే కంపెనీ 1967లో తెచ్చింది. ఏ పూతయినా మందం మహా అయితే వెంట్రుకంత. బోర్ కొట్టిస్తే ఆ పూతే పోతుంది. కింద మిగిలేది మెత్తని అల్యూమినియం. దాని మీద పిస్టను ఎక్కువ కాలం నిలవదు. మళ్లీ పూత వేయడం ఊరి వర్క్‌షాపులో అయ్యే పని కాదు. బోర్‌కు పెట్టిన పైసలు నీళ్లల్లో పోసినట్టే.

అంటే గీతలు పడిన సిలిండరు ప్రతిదీ పారేయాలా? అట్లా ఏం లేదు. కంటికి గీతల్లా కనపడేవి చాలాసార్లు సిలిండరు గీతలు కావు. గోడకు అంటిన పిస్టను అల్యూమినియం అది. సిలిండరు విప్పించి, సన్న ఎమరీ కాగితంతో అంటిన దాన్ని మెల్లగా రుద్దించాలి. తుడిచి, వెలుతురులో చూడాలి. తర్వాత గోరుతో గోడ మీద అడ్డంగా గీకి చూడాలి. గోరు ఎక్కడా తట్టకుండా జారితే పూత బాగున్నట్టు. కొత్త పిస్టను, రింగులు వేస్తే సరిపోతుంది. గోరు గాడిలో తగులుకుంటే, పూత పెచ్చులుగా లేచి ఉంటే ఆ సిలిండరు పనికిరాదు. సిలిండరు, పిస్టను సెట్టు కొత్తది వేయాల్సిందే. గీతలు పడిన పిస్టనును మాత్రం మళ్లీ వాడొద్దు.

కొందరు బాత్రూములు కడిగే యాసిడ్‌తో ఆ అల్యూమినియం కరిగిస్తారు. క్రోమియం పూతను ఆ యాసిడ్ తినేస్తుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు. పూత ఏదో తెలియనప్పుడు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇప్పుడు లెక్క. మెకానిక్ నోటి మాటగా చెప్పిన ఖర్చును కాగితం మీద రాసుకోవాలి. పిస్టను, రింగులు 900 రూపాయలు అనుకుందాం. సీళ్లు, గాస్కెట్లు 400. మజూరి 600. మొత్తం 1,900. సిలిండరు కూడా మారిస్తే 900కు బదులు 2,800. అప్పుడు మొత్తం 3,800. అలాంటి కొత్త మిషను 14,000 అనుకుంటే రెండూ లాభమే. అయితే క్రాంకు బేరింగు ఆడుతోందా, కార్బొరేటర్ బాగుందా, అది కూడా చూపించాలి. అవన్నీ కలిసి ఖర్చు 7,000 దాటితే, మిషను కూడా పాతదైతే, ఆగి ఆలోచించాలి. చవక మిషనుకు సగం ధర పెట్టి రిపేరు చేయించడం దండగ.

ఎందుకు పట్టేసిందో తెలుసుకోకుండా కొత్త సామాను బిగిస్తే అదీ పట్టేస్తుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. పాత పిస్టనును అడిగి తీసుకుని చూడాలి. గీతలు సైలెన్సర్ వైపే ఉంటే ఆయిలు తక్కువైందని, లేదా ఎక్కడో గాలి లీకై పెట్రోలు తక్కువ అందిందని అనుమానించాలి. కార్బొరేటర్ వైపు ఉంటే దుమ్ము లోపలికి పోయినట్టు. ఎర్రమట్టి నేలల్లో ఎండకాలం ఎయిర్ ఫిల్టరును రోజూ దులపకుంటే ఇదే జరుగుతుంది. చుట్టూరా గీతలుంటే ఇంజన్ బాగా వేడెక్కినట్టు. సిలిండరు బయట రెక్కల నడుమ రంపపు పొట్టు ఇరుక్కుంటే గాలి ఆడదు. వేడి పోదు.

ఆయిలు కొలత మిషనుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా మిషన్లకు 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు ఆయిలు. అంటే 1 లీటరుకు 20 మిల్లీలీటర్లు. 5 లీటర్లకు 100. సీసా మూతతో అందాజుగా పోయొద్దు. మందుల దుకాణంలో దొరికే గీతల గ్లాసుతో కొలవాలి. కలిపిన డబ్బా మీద తేదీ రాసి పెట్టాలి.

కొత్త పిస్టను వేసిన మొదటి రోజు సన్న కొమ్మలే కోయాలి. ఖాళీగా పూర్తి వేగంతో గర్రుమనిపించొద్దు. లావు తుమ్మ మొద్దులు రెండు మూడు ట్యాంకుల పెట్రోలు అయిపోయాకే.